మాక్స్ మాథ్యూస్

మాక్స్ వెర్నాన్ మాథ్యూస్ (నవంబర్ 13, 1926 - ఏప్రిల్ 21, 2011) అమెరికా దేశానికి చెందిన ప్రఖ్యాత ఎలక్ట్రికల్ ఇంజనీరు, శబ్దశాస్త్ర పరిశోధకుడు. ఈయనను కంప్యూటర్ సంగీతానికి పితామహునిగా పేర్కొంటారు. 1957లో బెల్ ప్రయోగశాలలో పనిచేస్తూ ఈయన వ్రాసిన మ్యూజిక్ అనే ప్రోగ్రాము, కంప్యూటరు చేత ధ్వనిని పుట్టించడానికి విస్తృతంగా వాడుకలోకి వచ్చిన మొదటి ప్రోగ్రాము. చిన్న చిన్న ధ్వని భాగాలను ఒకదానితో ఒకటి కలిపి, తనకు కావలసిన వాద్యాన్ని సంగీతకారుడే నిర్మించుకొనే పద్ధతిని ఈయన 1960లో తన ప్రోగ్రాములో ప్రవేశపెట్టాడు. నేడు ప్యాచింగ్ అని పిలువబడే పద్ధతికి సాఫ్ట్‌వేరులో మూలం ఇదే. సీసౌండ్, మాక్స్, ప్యూర్ డేటా, రియాక్టర్, వీసీవీ రాక్ మొదలైన సాఫ్ట్‌వేర్లన్నీ ఈ భావనపైనే నడుస్తాయి. వీటిలో మాక్స్ అనే సాఫ్ట్‌వేరుకు ఈయన గౌరవార్థం ఈయన పేరే పెట్టారు.

బాల్యం, విద్యాభ్యాసం

మాథ్యూస్ 1926 నవంబర్ 13న అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, కొలంబస్ అనే పట్టణంలో జన్మించాడు. తల్లిదండ్రులిద్దరూ సైన్సు ఉపాధ్యాయులు. తండ్రి అదే రాష్ట్రంలోని పెరూ అనే చిన్న ఊరిలో ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలను బోధించేవాడు. పాఠశాల ప్రయోగశాలలో ఆడుకొనేందుకు కుమారునికి ఆయన స్వేచ్ఛ ఇచ్చాడు. మోటార్లు, పాదరస భారమితులు వంటి వాటిని తన చేతులతో తయారుచేయడం ఆ బాలునికి ఇష్టమైన కాలక్షేపం. ఆ ప్రాంతంలో అధికులు వ్యవసాయదారులు. పొలం పనికి బీజగణితంతో అవసరం లేనందున దానిని నేర్చుకొనే పిల్లలు తక్కువ. మాథ్యూస్ మరికొద్దిమంది విద్యార్థులతో కలిసి బీజగణితాన్ని, తరువాత కలన గణితాన్ని చాలావరకు స్వయంగానే అభ్యసించాడు. అయినప్పటికీ ఆయన ఉన్నత పాఠశాల పట్టా మాత్రం పుచ్చుకోలేదు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళంలో చేరి రేడియో పరికరాల పని నేర్చుకున్నాడు. సియాటిల్ నగరంలో రేడియోలను బాగుచేసే పనిలో ఉండగా ఆయనకు ఎలక్ట్రానిక్స్‌పై మక్కువ కలిగింది. యుద్ధానంతరం కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివాడు. అనంతరం మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.) నుండి 1954లో డాక్టరేట్ పొందాడు. మాథ్యూస్‌కు వయొలిన్ వాయించడం వచ్చు. అయితే తాను వృత్తి సంగీతకారుడు కాదగినంత నైపుణ్యం తనకు లేదని ఆయనే అంగీకరించేవాడు. వ్రేళ్ళకు చాలినంత నేర్పు లేకపోయినా మనసులోని సంగీతాన్ని వినిపించగల సాధనం కావాలనే కోరిక, ఆయన పరిశోధన అంతటిలోను కనిపిస్తుంది.

బెల్ ప్రయోగశాలలో

మాథ్యూస్ 1955లో న్యూజెర్సీ రాష్ట్రంలోని మర్రే హిల్‌లో గల బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో చేరాడు. టెలిఫోన్ సంస్థకు మానవ కంఠధ్వని ముఖ్యం. మాటను తక్కువ ఖర్చుతో, స్పష్టంగా తీగల గుండా పంపే పద్ధతులను అక్కడ పరిశోధించేవారు. ఒక్కొక్క కొత్త పద్ధతిని పరీక్షించడానికి ఒక్కొక్క యంత్రాన్ని నిర్మించవలసి వచ్చేది. అందుకు నెలలు పట్టేది. దీనికి బదులుగా మాటను అంకెలుగా మార్చి కంప్యూటరులోనికి ఎక్కించి, ఆ పద్ధతిని ప్రోగ్రాముగా వ్రాసి, ఫలితాన్ని మరల ధ్వనిగా మార్చి వింటే సరిపోతుందని మాథ్యూస్ మరియు ఆయన సహచరులు భావించారు. ఇందుకు కావలసిన పరికరాలను వారు తయారుచేశారు.

మాటను వినిపించగల యంత్రం సంగీతాన్నీ వినిపించగలదని గ్రహించడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మాథ్యూస్ పై అధికారి జాన్ పియర్స్ సంగీతాభిమాని. వారిద్దరూ ఒకనాడు పియానో కచేరీకి వెళ్ళారనీ, విరామ సమయంలో కంప్యూటరుతో సంగీతం పుట్టించే ప్రోగ్రాము వ్రాయమని పియర్స్ సూచించాడనీ మాథ్యూస్ తరువాతి కాలంలో చెప్పేవాడు. సంగీతం మాథ్యూస్ అధికారిక విధి కాదు. టెలిఫోన్ సంస్థకు దాని వలన ఆదాయమూ లేదు. పియర్స్ వంటి అధికారి అండ లేకపోతే ఈ పని ముందుకు సాగేది కాదు.

1957లో మాథ్యూస్ మ్యూజిక్ 1 అనే ప్రోగ్రామును పూర్తిచేశాడు. సహోద్యోగి న్యూమన్ గట్‌మన్ దానితో ది సిల్వర్ స్కేల్ అనే 17 సెకండ్ల రచన చేశాడు. లెక్కలన్నీ న్యూయార్క్ నగరంలోని ఐ.బి.ఎం. 704 యంత్రంపై జరిగాయి. ఫలితాలను అయస్కాంత టేపుపై నింపి, మర్రే హిల్‌కు తీసుకువచ్చి, అక్కడి పరికరంతో ధ్వనిగా మార్చి విన్నారు. కంప్యూటరు నుండి స్వరాలు రావడం అదే ప్రథమం కాదు. ఆస్ట్రేలియాలోని సి.ఎస్.ఐ.ఆర్.ఎ.సి. అనే కంప్యూటరు 1951లోనే పాటల వరుసలు వినిపించింది. కాని అక్కడ యంత్రంలోని విద్యుత్ స్పందనలను నేరుగా లౌడ్‌స్పీకరుకు పంపారు. మాథ్యూస్ పద్ధతిలో ధ్వని తరంగపు ప్రతి బిందువునూ అంకెగా లెక్కకట్టారు. కనుక సిద్ధాంతరీత్యా ఏ ధ్వనినైనా పుట్టించవచ్చు.

అంకెల నుండి ధ్వని

ధ్వని గాలిలోని ఒత్తిడి మార్పు. ఆ మార్పును కాలంతోపాటు గీస్తే ఒక వక్రరేఖ వస్తుంది. ఆ రేఖపై సమాన వ్యవధులలో బిందువులను గుర్తించి, వాటి ఎత్తులను అంకెలుగా వ్రాసుకోవచ్చు. ఈ అంకెలను నమూనాలు అంటారు. ఒక ధ్వనిలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటె ఎక్కువ వేగంతో నమూనాలు తీసుకుంటే, వాటి నుండి ఆ ధ్వనిని మరల పూర్తిగా పొందవచ్చునని గణితం నిరూపిస్తుంది.

సెకండుకు 10,000 నమూనాల చొప్పున లెక్కవేస్తే 17 సెకండ్ల సంగీతానికి 1,70,000 అంకెలు కావాలి. తరువాత వచ్చిన కాంపాక్ట్ డిస్కులో ఒక్కొక్క చెవికి సెకండుకు 44,100 అంకెలు ఉంటాయి. ఇన్ని అంకెలను మనుషులు వ్రాయలేరు. సంగీతకారుడు ఇచ్చే కొద్దిపాటి సమాచారం నుండి ఇన్ని అంకెలను పుట్టించడం ప్రోగ్రాము పని. అయితే సంగీతకారుడు ఏమి చెప్పాలి, ప్రోగ్రాము ఏమి చేయాలి అనే ప్రశ్న ఇక్కడే ఎదురవుతుంది. ప్రోగ్రాము అంతా తానే నిర్ణయిస్తే పని సులభం, కాని అన్ని రచనలూ ఒకే రకంగా వినిపిస్తాయి. అంతా సంగీతకారునికే విడిచిపెడితే స్వేచ్ఛ కలదు, కాని శ్రమకు అంతు ఉండదు. ఈ రెండింటికీ నడుమ మాథ్యూస్ కనుగొన్న మార్గమే ఆయనకు కీర్తి తెచ్చింది.

మ్యూజిక్ ప్రోగ్రాముల వరుస

మ్యూజిక్ 1 చాలా సామాన్యమైనది. ఒకే స్వరం, ఒకే త్రికోణాకార తరంగం. స్వరం యొక్క స్థాయి, తీవ్రత, నిడివి మాత్రమే మార్చవచ్చు. స్వరం ఎలా మొదలై ఎలా తగ్గాలో చెప్పే వీలు లేదు. విన్నవారికి అది ఇంపుగా ఉండేది కాదని మాథ్యూస్ దాచకుండా చెప్పేవాడు.

1958లో వచ్చిన మ్యూజిక్ 2 ఒకేసారి నాలుగు స్వరాలను పలికించగలదు. 16 తరంగ రూపాల నుండి కావలసినది ఎంచుకొనవచ్చు. ఈ దారిలోనే వెళ్తే మ్యూజిక్ 3లో ఎనిమిది స్వరాలు, మరిన్ని తరంగాలు ఉండవలసినది. మాథ్యూస్ అలా చేయలేదు. ఎన్ని సౌకర్యాలు చేర్చినా, తాను ఊహించని ధ్వనిని కోరే సంగీతకారుడు ఒకడు తప్పక వస్తాడని ఆయన గ్రహించాడు. కాబట్టి 1960లో వచ్చిన మ్యూజిక్ 3లో వాద్యాలను ఇవ్వడం మాని, వాద్యాలను తయారుచేసుకొనేందుకు కావలసిన భాగాలను ఇచ్చాడు. వీటికి యూనిట్ జెనరేటర్లు అని పేరు.

1963లో జోన్ మిల్లర్‌తో కలిసి మ్యూజిక్ 4 ను రూపొందించాడు. అదే సంవత్సరం సైన్స్ పత్రికలో, కంప్యూటరును సంగీత వాద్యంగా వివరిస్తూ ఆయన వ్రాసిన వ్యాసం అనేకమంది సంగీతకారులను ఆకర్షించింది. అప్పటివరకు ఈ ప్రోగ్రాములు ఒక నిర్దిష్ట యంత్రానికి చెందిన భాషలో ఉండేవి. యంత్రం మారితే ప్రోగ్రామంతా తిరిగి వ్రాయవలసిందే. ఈ కష్టం తొలగించడానికి 1968లో మ్యూజిక్ 5 ను ఫోర్ట్రాన్ భాషలో వ్రాశాడు. ఫోర్ట్రాన్ తెలిసిన ఏ పెద్ద కంప్యూటరు పైనైనా అది నడిచేది. 1969లో ఎం.ఐ.టి. ముద్రణాలయం ప్రచురించిన ది టెక్నాలజీ ఆఫ్ కంప్యూటర్ మ్యూజిక్ అనే గ్రంథంలో దాని పనితీరును పాఠాలుగా వివరించాడు. ఈ ప్రోగ్రాములను కోరిన విశ్వవిద్యాలయాలకు ఇచ్చివేసేవారు. అందువలన వాటి నుండి ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్, ఎం.ఐ.టి. మొదలైన చోట్ల శాఖోపశాఖలుగా కొత్త ప్రోగ్రాములు పుట్టాయి.

యూనిట్ జెనరేటర్ భావన

యూనిట్ జెనరేటర్ అనగా ఒకే ఒక చిన్న పని చేసే భాగం. తరంగాన్ని పుట్టించేది ఆసిలేటర్ (డోలకం). రెండు సంకేతాలను కలిపేది సంకలని. ఒకదానితో మరొకదానిని హెచ్చవేసేది గుణకారిణి. క్రమం లేని అంకెలను ఇచ్చేది రవ జనకం. కొన్ని పౌనఃపున్యాలను ఆపివేసేది ఫిల్టర్ (వడపోత). ప్రతి భాగానికి లోనికి వచ్చే దారులు, బయటకు పోయే దారి ఉంటాయి. ఒక భాగం నుండి వచ్చిన ఫలితాన్ని ఏ భాగంలోనికైనా పంపవచ్చు. భాషలోని అక్షరాలు కొద్దివే అయినా వాటితో ఎన్ని మాటలైనా కూర్చవచ్చును గదా. ఇదియూ అటువంటిదే.

ఒక ఉదాహరణ చూద్దాం. సెకండుకు 440 సార్లు కంపించే ఆసిలేటర్ ఒకటి ఉన్నదనుకొందాం. దాని ధ్వని నిశ్చలంగా, నిర్జీవంగా ఉంటుంది. సెకండుకు 6 సార్లు మాత్రమే కంపించే రెండవ ఆసిలేటర్‌ను తీసుకొని, దాని ఫలితాన్ని మొదటి దాని పౌనఃపున్యానికి చేర్చితే స్వరం పైకీ క్రిందికీ ఊగుతుంది. వయొలిన్ వాదకుడు తీగపై వ్రేలిని కదిలించినట్లు వినిపిస్తుంది. అదే రెండవ ఆసిలేటర్‌ను పౌనఃపున్యానికి బదులు తీవ్రతకు కలిపితే స్వరం హెచ్చుతగ్గులతో వణుకుతుంది. భాగాలు అవే, కలిపిన చోటు మారింది. వాద్యమే మారిపోయింది.

ఇలా కలపడాన్ని ప్యాచింగ్ అనీ, కలిపిన మొత్తం నిర్మాణాన్ని ప్యాచ్ అనీ అంటారు. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో ఆపరేటరు ఒక రంధ్రం నుండి మరొక రంధ్రానికి తీగను తగిలించి ఇద్దరి మధ్య మాట కలిపేవారు. ప్రసార కేంద్రాలలోను, ధ్వని ముద్రణ శాలలలోను ఇట్టి తీగలనే వాడేవారు. 1964లో రాబర్ట్ మూగ్ తయారుచేసిన సింథసైజర్‌లో మాడ్యూళ్ళను ఈ విధమైన తీగలతోనే కలిపేవారు. కాలిఫోర్నియాలో డొనాల్డ్ బుక్లా కూడా ఇంచుమించు అదే కాలంలో ఇటువంటి పరికరాన్ని రూపొందించాడు. విడి భాగాలతో కూడిన విద్యుత్ పరికరం గురించి జర్మనీ నుండి వచ్చిన హరాల్డ్ బోడె 1960 ప్రాంతంలోనే ఆలోచించాడు. ప్యాచింగ్ సాఫ్ట్‌వేరు, తీగల సింథసైజర్‌కు అనుకరణగా మాత్రమే పుట్టినదని చాలామంది అనుకుంటారు. తెరపై తీగల బొమ్మల విషయంలో అది నిజమే. కాని అసలు భావన సాఫ్ట్‌వేరులో మూగ్ సింథసైజర్ కంటె నాలుగేళ్ళు ముందే ఉన్నది.

సహచరులు, శిష్యులు

ఏ ధ్వనినైనా పుట్టించగల సాధనం చేతికి వచ్చిన తరువాత ఒక చిక్కు బయటపడింది. ఏ అంకెలు ఇస్తే చెవికి ఇంపైన ధ్వని వస్తుందో ఎవరికీ తెలియదు. లోపం యంత్రంలో లేదు, మనిషి వినికిడిని గురించిన జ్ఞానంలో ఉన్నది. మాథ్యూస్ ఈ సంగతిని తొలినాళ్ళలోనే గుర్తించి, సంగీతకారులను తన ప్రయోగశాలకు ఆహ్వానించాడు.

స్వరకర్త జేమ్స్ టెన్నీ 1961 నుండి 1964 వరకు అక్కడ పనిచేశాడు. 1964లో ఫ్రాన్స్ నుండి భౌతిక శాస్త్రవేత్త, స్వరకర్త అయిన జాన్ క్లాడ్ రిసే వచ్చాడు. ట్రంపెట్ నాదాన్ని నమూనాలుగా మార్చి విశ్లేషించి, ధ్వని తీవ్రత పెరిగేకొద్దీ పై అతిస్వరాల పాలు కూడా పెరుగుతుందని, ఆ వాద్యపు నాదగుణానికి అదే గుర్తు అని రిసే చూపాడు. 1969లో ఆయన తయారుచేసిన ధ్వనుల పట్టికలో ఒక్కొక్క ధ్వనికి మ్యూజిక్ 5 ప్యాచ్‌ను కూడా ఇచ్చాడు. ఒకరు కనుగొన్న ధ్వనిని మరొకరు చూసి నేర్చుకొనే మార్గం దీనితో ఏర్పడింది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సంగీత విద్యార్థి అయిన జాన్ చౌనింగ్, మాథ్యూస్ వ్యాసాన్ని చదివి 1964లో మర్రే హిల్‌కు వెళ్ళి, మ్యూజిక్ 4 ప్రోగ్రాము గల కార్డుల పెట్టెతో తిరిగి వచ్చాడు. పైన చెప్పిన ఉదాహరణలో రెండవ ఆసిలేటర్ వేగాన్ని 6 నుండి వందలకు పెంచితే ఊపు వినిపించదు. దానికి బదులు పూర్తిగా కొత్త నాదగుణం పుడుతుంది. చౌనింగ్ 1967లో కనుగొన్న ఈ పద్ధతికి ఎఫ్.ఎం. సింథసిస్ అని పేరు. జపాను దేశపు యమహా సంస్థ దీని హక్కులను పొంది 1983లో డి.ఎక్స్.7 అనే కీబోర్డును విడుదల చేసింది. లోకమంతటా సినిమా పాటలలోను, జనరంజక సంగీతంలోను దాని ధ్వనులు వినిపించాయి.

డైసీ బెల్

1961లో బెల్ ప్రయోగశాలలో జాన్ కెల్లీ, కరోల్ లోక్‌బామ్ కంప్యూటరు చేత మానవ కంఠాన్ని పోలిన ధ్వనిని పలికించారు. పరీక్ష కోసం డైసీ బెల్ అనే పాత ఆంగ్ల గీతాన్ని ఎంచుకున్నారు. దానికి వాద్య సహకారాన్ని మాథ్యూస్ తన ప్రోగ్రాముతో సమకూర్చాడు. రచయిత ఆర్థర్ సి. క్లార్క్ తన మిత్రుడైన పియర్స్‌ను చూడడానికి వచ్చి ఈ పాటను విన్నాడు. 1968లో విడుదలైన 2001: ఎ స్పేస్ ఒడిస్సీ చిత్రంలో హాల్ 9000 అనే కంప్యూటరు, జ్ఞాపకాలు ఒక్కొక్కటిగా తొలగిపోతుండగా ఈ పాటనే పాడుతుంది. ఈ ఘట్టానికి ప్రేరణ ఆనాడు విన్న పాటయే.

సమయానికి స్పందించే యంత్రం

మ్యూజిక్ ప్రోగ్రాములకు ఒక పెద్ద లోటు ఉండేది. ఆ కాలపు కంప్యూటర్ల వేగం చాలదు. కొద్ది నిమిషాల సంగీతానికి లెక్కలు పూర్తి కావడానికి అంతకు ఎన్నో రెట్ల సమయం పట్టేది. పొరపాటు దొర్లితే మొదటి నుండి తిరిగి చేయాలి. వాయిస్తూ వినడం, వింటూ సరిదిద్దుకోవడం సాధ్యం కాదు.

1968లో లారెన్స్ రోస్లర్‌తో కలిసి, తెరపై కాంతి కలంతో గీసిన గీతలను ధ్వనిగా మార్చే గ్రాఫిక్ 1 వ్యవస్థ గురించి ప్రచురించాడు. 1970లో ఎఫ్. రిచర్డ్ మూర్‌తో కలిసి గ్రూవ్ అనే వ్యవస్థను వెలువరించాడు. ఇందులో ధ్వనిని పుట్టించే పని తీగలతో కలిపిన సింథసైజర్ పరికరాలది. వాటిని నడిపించే పని డి.డి.పి.-224 అనే చిన్న కంప్యూటరుది. వాదకుని చేతి కదలికలను కంప్యూటరు అప్పటికప్పుడు గ్రహించి, దాచుకొని, తిరిగి వినిపించి, దిద్దుకొనే అవకాశమిచ్చేది. స్వరకర్త లారీ స్పీగెల్ 1970 దశకంలో ఈ వ్యవస్థతో పలు రచనలు చేసింది.

ఇర్కాం, స్టాన్‌ఫర్డ్

మాథ్యూస్ 1962 నుండి 1985 వరకు బెల్ ప్రయోగశాలలో శబ్ద, ప్రవర్తన పరిశోధనా కేంద్రానికి అధిపతిగా ఉన్నాడు. స్వరకర్త పియర్ బూలే పారిస్ నగరంలో స్థాపించిన ఇర్కాం అనే సంగీత పరిశోధనా సంస్థకు 1974 నుండి 1980 వరకు శాస్త్రీయ సలహాదారుగా వ్యవహరించాడు. 1987లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సంగీత పరిశోధనాచార్యునిగా చేరాడు. ఒకనాడు కార్డుల పెట్టెతో వెళ్ళిన చౌనింగ్ స్థాపించిన కేంద్రంలోనే మాథ్యూస్ తన చివరి సంవత్సరాలు గడపడం విశేషం.

ఈ కాలంలో ఆయన దృష్టి రేడియో బేటన్ అనే పరికరంపై నిలిచింది. దీనిని బెల్ ప్రయోగశాలకు చెందిన రాబర్ట్ బోయీతో కలిసి రూపొందించాడు. రెండు కర్రల కొనలలో చిన్న రేడియో ప్రసారిణులు ఉంటాయి. వాటి స్థానాన్ని క్రింది పలక మూడు దిశలలోను గుర్తిస్తుంది. స్వరాలు ముందుగానే కంప్యూటరులో ఉంటాయి. ఒక కర్రతో తాళం వేస్తూ కాలప్రమాణాన్ని, మరొక కర్రతో హెచ్చుతగ్గులను నియంత్రిస్తే, వాయించినవాడు వాద్యబృందాన్ని నడిపించినట్లవుతుంది. తప్పు స్వరం పడుతుందనే భయం లేకుండా భావంపై మనసు పెట్టవచ్చు. వృత్తి సంగీతకారుడు కాలేకపోయిన వయొలిన్ అభిమానికి ఇది తగిన ఆవిష్కరణ అనవచ్చు. శరీరపు ప్రతిధ్వనులను విద్యుత్ వలయాలతో కల్పించే వయొలిన్లను కూడా ఆయన తయారుచేశాడు.

మాథ్యూస్ బాటలో వచ్చిన సాఫ్ట్‌వేర్లు - పోలిక

ఎలక్ట్రానిక్ సంగీతం నేర్చుకొనే విద్యార్థులు ప్యాచింగ్ సాఫ్ట్‌వేర్లలో ఏది మేలైనదని ప్రశ్నిస్తుంటారు. అన్నింటిలోను ఉన్నది యూనిట్ జెనరేటర్లే. భేదాలు మూడు విషయాలలో కలవు: భాగాలను కలిపే తీరు, కాలాన్ని లెక్కించే తీరు, భాగాల పరిమాణం.

సీసౌండ్: ఎం.ఐ.టి.లో బారీ వెర్కో 1986లో రూపొందించాడు. మ్యూజిక్ ప్రోగ్రాముల వరుసకు వారసత్వం గలది. వాద్యాలను ఒక భాగంలో, స్వరపత్రాన్ని మరొక భాగంలో అక్షర రూపంలో వ్రాయాలి. తెరపై తీగలు ఉండవు. ఒక స్వరానికి ఒకసారి మారే విలువలు, నియంత్రణ కొరకు మారే విలువలు, ప్రతి నమూనాకు మారే విలువలు అని మూడు రకాల వేగాలను స్పష్టంగా వేరుచేస్తుంది. ముందుగా ఆలోచించి వ్రాసే రచనలకు అనుకూలం. ఉచితంగా లభిస్తుంది.

మాక్స్: ఇర్కాంలో మిల్లర్ పకెట్ 1980 దశకపు ద్వితీయార్ధంలో రూపొందించాడు. తెరపై పెట్టెలను ఉంచి వాటిని గీతలతో కలపాలి. స్వరకర్త ఫిలిప్ మనూరీ 1988 నాటి ప్లూటాన్ అనే పియానో రచనలో దీనిని ఉపయోగించారు. సంఘటనలను సమయానుసారం జరిపించే పద్ధతిలో మాథ్యూస్ వ్రాసిన ఆర్.టి.స్కెడ్ అనే ప్రోగ్రాము దీనికి ప్రేరణ. పేరు పెట్టడానికి కారణం అదే. మొదట ఇది సందేశాలను మాత్రమే పంపేది. 1997లో ఎం.ఎస్.పి. అనే భాగం చేరిన తరువాత సాధారణ మాకింటాష్ కంప్యూటరు పైనే ధ్వనిని కూడా పుట్టించగలిగింది. సైక్లింగ్ 74 అనే సంస్థ దీనిని విక్రయిస్తూ వచ్చింది. ఆ సంస్థను 2017లో ఏబుల్టన్ సంస్థ తీసుకున్నది.

ప్యూర్ డేటా: పకెట్ తానే 1996లో దీనిని కొత్తగా వ్రాసి, మూలంతో సహా ఉచితంగా ఇచ్చాడు. మాక్స్‌ను ఎరిగినవారు దీనిని సులభంగా గుర్తుపడతారు. మాక్స్‌లో ఉన్న అలంకరణలు, సహాయ పాఠాలు ఇందులో తక్కువ. కాని చిన్న కంప్యూటర్ల పైనా నడుస్తుంది. ధ్వనిని 64 నమూనాల గుంపులుగా లెక్కకడుతుంది. సెకండుకు 44,100 నమూనాల వద్ద ఒక గుంపు సుమారు 1.45 మిల్లీసెకండ్లు. మామూలుగా ఒక ధ్వనిని తిరిగి తనలోనికే పంపాలంటే కనీసం ఇంత ఆలస్యం తప్పదు.

రియాక్టర్: జర్మనీలోని నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1996లో విడుదల చేసిన జెనరేటర్ అనే సాఫ్ట్‌వేరు నుండి రూపొందినది. పూర్తిచేసిన వాద్యాలను వాయించవచ్చు. కావాలంటే వాటి లోపలికి పోయి భాగాలను మార్చవచ్చు. 2015లో బ్లాక్స్ పేరిట పెద్ద మాడ్యూళ్ళను చేర్చారు. ఖరీదు చెల్లించి పొందవలసినది.

సూపర్ కొలైడర్: జేమ్స్ మెకార్ట్‌నీ 1996లో విడుదల చేశాడు. 2002 నుండి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ఇది కూడా అక్షర రూపమే. యూనిట్ జెనరేటర్ అనే పేరును అలాగే నిలుపుకున్నది. వేదికపై ప్రోగ్రాము వ్రాస్తూ వినిపించే కళాకారులు దీనిని ఆదరించారు.

వీసీవీ రాక్: ఆండ్రూ బెల్ట్ 2017లో విడుదల చేశాడు. యూరోరాక్ అనే మాడ్యులర్ సింథసైజర్ పద్ధతిని తెరపై ఉన్నదున్నట్లుగా చూపుతుంది. భాగాలు పెద్దవి, రంగు రంగుల తీగలతో కలపాలి. స్వరమైనా, నియంత్రణ అయినా అన్నీ వోల్టేజి విలువలే. కనుక దేనినైనా దేనికైనా తగిలించవచ్చు. నమూనా వెంట నమూనాగా లెక్కకడుతుంది. అందువలన ధ్వనిని తిరిగి తనలోనికి పంపినప్పుడు ఆలస్యం అత్యల్పం. అందుకు మూల్యంగా కంప్యూటరుపై భారం ఎక్కువ. ఉచిత రూపం కలదు. 2021లో వచ్చిన రెండవ సంచికతో పాటు ఖరీదు గల రూపాన్ని కూడా ఇచ్చారు.

పై వాటిలో ఒకటి గొప్ప, మరొకటి తక్కువ అని తేల్చడం సరికాదు. భాగం ఎంత చిన్నదైతే స్వేచ్ఛ అంత ఎక్కువ, మొదటి ధ్వని వినడానికి పట్టే సమయమూ అంత ఎక్కువ. వీసీవీ రాక్‌లో కొద్ది నిమిషాలలోనే ధ్వని వినవచ్చు, కాని మాడ్యూలు చేసినవాని ఆలోచన దానిలో ముందే ఉంటుంది. సీసౌండ్‌లో మొదటి స్వరానికే పాఠం చదవాలి, కాని ఆ వాద్యంలోని ప్రతి అంశమూ వ్రాసినవానిదే. మ్యూజిక్ 2 నుండి మ్యూజిక్ 3 కు మారునప్పుడు మాథ్యూస్ ముందు నిలిచిన ప్రశ్న కూడా ఇదే.

పురస్కారాలు

మాథ్యూస్ అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ మరియు జాతీయ ఇంజనీరింగ్ అకాడమీలలో సభ్యుడు. అమెరికా శబ్దశాస్త్ర సంఘం సంగీత శబ్దశాస్త్రంలో ఆయనకు రజత పతకాన్ని ప్రదానం చేసింది. ఫ్రాన్స్ ప్రభుత్వం కళలు, సాహిత్య రంగాలకు ఇచ్చే షెవాలియే బిరుదుతో సత్కరించింది.

మరణం

మాథ్యూస్ న్యుమోనియా వలన కలిగిన ఇబ్బందులతో 2011 ఏప్రిల్ 21న శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 84 సంవత్సరాలు. తన చేతులతో వస్తువులు తయారుచేసే అలవాటును చివరి వరకు విడిచిపెట్టలేదు. చిన్ననాడు తండ్రి ఆయనకు తయారైన బొమ్మలను ఇవ్వక ప్రయోగశాల తలుపులు తెరిచి ఉంచాడు. మాథ్యూస్ కూడా సంగీతకారులకు తయారైన వాద్యాన్ని ఇవ్వక, వాద్యాలు చేసుకొనే భాగాలను ఇచ్చాడు. ఆయన ఉపయోగించిన యంత్రాలు ఏనాడో మూలబడ్డాయి. ఆ భాగాలను కలిపే పద్ధతి మాత్రం నేటి విద్యార్థి కంప్యూటరులోనూ నిలిచి ఉన్నది.